సోమ్లి ఘుగ్రీలు, రామ్‌సింగ్ ప్రాణాలు

కోతికి గోడగడియారంతో ఏం పని అని అడిగితే రామ్‌సింగ్ దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో కంట్రోల్ రూము ఉద్యోగం చేసి రిటైరైననాడు తోటివాళ్లు ప్రేమగా ఇచ్చిన గడియారం అది. జూలూరుపాడు అవతల తండాలో తన ఇంటి వరండాలో, వచ్చేపోయేవాళ్లందరి కంటా పడేలా తగిలించాడు. ఒకనాటి పొద్దున ఒక కోతి గోడ దూకి వచ్చింది. ఆరబోసిన మొక్కజొన్న కంకులను కన్నెత్తి చూడలేదు. తిన్నగా వెళ్లి గడియారాన్ని ఊడబెరికి, చంకలో పెట్టుకుని, డ్యూటీకి ఆలస్యమైనట్టు బయల్దేరింది.

రామ్‌సింగ్ భార్య సోమ్లి కర్ర తీసుకుని వెంటపడింది. పెరట్లో బట్టలుతికే బండ, దాని చుట్టూ నాచు. కాలు జారింది. గడ్డం పోయి బండ అంచుకు టక్కున కొట్టుకుంది. కోతి కానుగచెట్టెక్కి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, నచ్చలేదేమో, కింద పడేసి పోయింది.

సోమ్లి నోరంటే మాటలా! తండాలో ఎవరింట్లో పప్పు మాడినా ఆ కబురు ఆమె నోటిగుండానే ఊరేగాలి. అలాంటి నోరు ఆ పూట నుంచి వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. చెప్పకూడదు గానీ, మొదట్లో రామ్‌సింగ్‌కు ఇల్లు హాయిగానే అనిపించింది. మధ్యాహ్నానికి ఆ హాయి మింగుడుపడలేదు. సాయంత్రం ఆమె గంజి కూడా తాగలేక గిన్నె పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకుంటే, ఆయనకు నిజంగా భయమేసింది.

కూతురు ప్రమీలది సారపాకలో కాగితం మిల్లు ఆఫీసులో ఉద్యోగం. సెలవు పెట్టి వచ్చి, కొత్తగూడెంలో ఎక్స్‌రే తీయించి, అది చాలదంటే తల్లిదండ్రులిద్దరినీ ఖమ్మం తీసుకుపోయింది. అక్కడ పళ్లూ ముఖం ఎముకలూ చూసే డాక్టరమ్మ పేరు ఉదయశ్రీ. సత్తుపల్లి వైపు మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. ఆమె ఆ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "ఇందులో నాకు మీ ఎముక కంటే మీ వెండే ఎక్కువ కనిపిస్తోందమ్మా" అంది.

వెండి అంటే ఘుగ్రీలు. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను: లంబాడీ ఇల్లాలి చెంపల మీద, జుట్టుకు కట్టి, చెవుల ముందు నుంచి వేలాడే వెండి గంటల గుత్తులవి. పెళ్లితో వస్తాయి. పెనిమిటి బతికున్నన్నాళ్లూ ఉంటాయి. ఆయన పోయిననాడు తీస్తారు. ఇప్పటి ఆడపిల్లలు ఫొటోల కోసం తప్ప కట్టుకోవడం మానేశారు. ఆ తండాలో నిద్రలోనూ వాటిని విడవని మనిషి సోమ్లి ఒక్కతే మిగిలింది. ఆమె తల తిప్పితే గలగల, తల ఊపితే గలగల. కోడిపిల్లలు కూడా ఆ చప్పుడుకే గింజలకు పరుగెత్తుకొస్తాయి.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. సాదా ఎక్స్‌రే గోడమీద నీడ లాంటిదట. ముందు ఎముకా వెనక ఎముకా ఒకదాని మీదొకటి పడి కలిసిపోతాయి. త్రీడీ స్కాన్ అట్లా కాదు. మిషన్ తల చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వందల ఫొటోలు తీస్తుంది, కంప్యూటర్ వాటిని కలిపి మొత్తం దవడను తయారుచేస్తుంది. అప్పుడు ఎముకను చేతిలోకి తీసుకుని తిప్పి చూసినట్టే. గడ్డం మీద పడ్డవాళ్లకు చాలాసార్లు విరిగేది గడ్డం కాదు, చెవి ముందర దవడ కీలు. అది ఎటు విరిగిందో, ఎటు ఒరిగిందో చూడకుండా వైద్యం మొదలుపెడితే, వంకరగా అతుక్కుని నోరు జన్మలో తెరుచుకోకపోవచ్చు. మరి స్కాన్‌కు రెండే నియమాలు. తల దగ్గర లోహం ఉండకూడదు, ఉంటే తెల్లటి చారలు కాకరపువ్వొత్తి చిమ్మినట్టు చిమ్మి, చూడాల్సిన చోటునే కప్పేస్తాయి. తల కదలకూడదు.

సోమ్లి ముక్కుపుల్ల తీసింది. చెవులవి తీసింది. మెడలోవి తీసి కూతురి ఒళ్లో పోసింది. ఘుగ్రీల దగ్గరికొచ్చేసరికి రెండు చేతులూ చెంపలకు అడ్డం పెట్టుకుంది.

ఇక్కడ రామ్‌సింగ్ సంగతి చెప్పాలి. తండాలో మొదటగా సర్కారు కొలువు చేసిన మనిషి. పిల్లి ఎదురొస్తే పిల్లికి దారిచ్చి తన దారిన పోయే మనిషి. మంగళవారం గృహప్రవేశం పెట్టి బంధువులందరినీ హడలగొట్టిన మనిషి. కరెంటుకు శకునం తెలియదు, మనకెందుకు అని ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పెళ్లాం ఘుగ్రీలను చూసి నవ్వడం ఆయనకు కాఫీ తాగినంత అలవాటు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ సామెత తనకోసం కాచుక్కూర్చుందని పాపం ఆయనకు తెలియదు.

ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చుని వాళ్ల లంబాడీ మాటల్లోనే నచ్చజెప్పాడు. మనకు తెలుగులో చెప్పుకుంటే అది ఇట్లా ఉంటుంది: "పిచ్చిదానా, నా పానం నా ఒంట్ల ఉంటది గానీ నీ చెంపల మీద ఉంటదా?"

సోమ్లికి నోరు తెరుచుకోదు కదా. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని ఆయన్ను చూసింది. అంత ప్రేమగా, అంత కోపంగా ఒకేసారి చూడటం పెళ్లాలకే చేతనవును. చివరికి ముడి విప్పి ఒక గుత్తి ఆయన అరచేతిలో పెట్టింది. కాసేపాగి రెండోది పెట్టింది. రెండోది పడ్డప్పుడు రామ్‌సింగ్ గుండె ఒక్కసారి గతుక్కుమంది. పొద్దున తాగిన టీ స్ట్రాంగ్ అయిందనుకున్నాడు.

స్కాన్ గదిలో సోమ్లిని నిలబెట్టి గడ్డం ఆనించి, తలకు అటూ ఇటూ ఊతం బిగించి, మిషన్ నడిపే మురళీకృష్ణ బయటికొచ్చి తలుపు మూశాడు. బయటి నుంచి అద్దంలో లోపలికి కనిపిస్తుంది. మీట నొక్కాడు. మిషన్ చెయ్యి నెమ్మదిగా ఆమె తల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అంతా సవ్యంగానే ఉందనుకుంటుండగా, సోమ్లి ఊతంలోంచి మెడ లాగి, వెనక్కి తిరిగి, అద్దంలోంచి మొగుణ్ణి చూసింది. చూసి, తృప్తిపడి, మళ్లీ ముందుకు తిరిగింది.

కంప్యూటర్‌లో సోమ్లికి రెండు ముక్కులు, ఒకదాని మీదొకటి మూడు దవడలు వచ్చాయి. మురళీకృష్ణ తల పట్టుకున్నాడు. డాక్టరమ్మకు కోపం రాలేదు గానీ, రేడియేషన్ ఊరికే ఒంటికి పెట్టేది కాదని, ఇంకొక్కసారి మాత్రమే తీస్తానని, అదీ కుదరకపోతే వేరే దారి వెతుక్కోవాలని తేల్చిచెప్పింది. ఎందుకు కదిలావే తల్లీ అని అడిగితే సోమ్లి చేతులతో ఏదో చూపించింది. మొగుణ్ణి చూపించింది, గుండె మీద చెయ్యి వేసుకుంది, పైకప్పు చూపించింది. ప్రమీల నోరు నొక్కుకుని, తండ్రివైపు తిరిగి తెలుగు చేసింది. "నువ్వు ఉన్నవో పోయినవో చూసిందట, బా."

అయితే ఎదురుగా నిలబడితే సరిపోతుంది కదా అన్నాడు మురళీకృష్ణ. ఎదురుగా గోడ. గోడ లేకపోయినా, మిషన్ చెయ్యి కళ్లముందు నుంచి పోతున్నంతసేపూ మనిషి కనిపించడు. ఆ కాస్త సేపట్లో పోతే? అని సోమ్లి చేతులతోనే అడిగింది. ఇంజినీర్లకు కూడా జవాబు లేని ప్రశ్న.

అప్పుడు సోమ్లే చేతులతో ఉపాయం చెప్పింది. ఘుగ్రీలు చేతిలో ఉంటే తీసేసినట్టు. జేబులో ఉంటే తీసేసినట్టు. తల మీద ఉంటే? ఎవరి తలైతేనేం, ఆలుమగలిద్దరిలో ఒకరి తల మీద ఉంటే తీసినట్టు కాదు, చోటు మారినట్టు. ఆమె వేలు రామ్‌సింగ్ తలవైపు చూపించింది.

ఆ తల మీద కట్టడానికి ఒక్క వెంట్రుక ఉంటే ఒట్టు. నర్సు గాజుగుడ్డ చుట్ట తెచ్చి ఆయన బట్టతల చుట్టూ గట్టిగా పట్టీ కట్టి, ఆ పట్టీకి రెండు వైపులా ఘుగ్రీలు వేలాడదీసింది. కరెంటుకు శకునం తెలియదన్న మనిషి చెంపల మీద వెండి గంటలు గలగలమన్నాయి. వరండాలో కూర్చున్న ఒక పెద్దమనిషి జాలిగా చూసి, నెత్తికి బాగా తగిలిందా అన్నా అని అడిగాడు. రామ్‌సింగ్ అవునని తల ఊపాడు, గలగలమంది.

అంతటితో అయిందా? ఇల్లలకగానే పండగ కాదు. గంటల చప్పుడు వినబడితే చాలు కదా అని డాక్టరమ్మ అంటే, సోమ్లి పైన తిరుగుతున్న ఫ్యాన్ చూపించింది. మనిషి పోయినా ఫ్యాన్ గాలికి గంటలు మోగుతాయి. గొంతు కావాలి. ఆగకుండా గొంతు వినబడాలి.

రామ్‌సింగ్ పాడితే మేకలు తాళ్లు తెంపుకుంటాయి. కథలు రావు. ఆయనకు వచ్చిందల్లా కంట్రోల్ రూము మైకులో అనౌన్స్‌మెంట్లు. అవైనా చిక్కే. ఎందుకంటే పంపు ఆగితే మైకు పట్టుకుంటారు, టర్బైన్ ట్రిప్పయితే మైకు పట్టుకుంటారు, అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఎవరూ మైకు పట్టుకోరు. సర్వీసంతా చేసి ఆయన ఒక్కసారి కూడా బాగున్నామని అనౌన్స్ చేయలేదు. కానీ ఇప్పుడు తప్పదు. తలుపు కాస్త తెరిచి ఉంచుదామంటే మురళీకృష్ణ ససేమిరా అన్నాడు. మూసిన తలుపు దాటి వినబడాలి మరి. రామ్‌సింగ్ ఊపిరి నిండా పీల్చి, మిషన్ కదలగానే, ఆస్పత్రి అదిరేలా అందుకున్నాడు.

"అటెన్షన్ ప్లీజ్. యూనిట్ వన్ నడుస్తున్నది. లోడ్ నార్మల్. ప్రెషర్ నార్మల్. యూనిట్ వన్ నడుస్తున్నది. ఎవలూ పరేషాన్ గావద్దు."

ఎవరూ పరేషాన్ కావద్దని అంత గొంతుతో చెబితే కానివాడెవడు? పెద్దమనిషి లేచి మెట్లవైపు నడిచాడు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు నడిచారు. వాచ్‌మన్ మంటలార్పే సిలిండర్ చంకనెత్తుకుని పైకొచ్చి, మంట ఎక్కడని అడిగాడు. రామ్‌సింగ్ ఎవరినీ పట్టించుకోలేదు, అద్దంలో సోమ్లి వీపునే చూస్తూ లోడ్ నార్మల్, ప్రెషర్ నార్మల్ అంటూనే ఉన్నాడు. మిషన్ చెయ్యి ముప్పావు చుట్టు తిరిగిందో లేదో, గొంతు ఎండి, నార్మల్ అనే మాట మధ్యలో ఆగిపోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. లోపల సోమ్లి భుజం కదిలింది. ఒక్క క్షణం, అంతే. ఇక ఆమె తిరుగుతుంది, దవడ ఎప్పటికీ తెలియదు. రామ్‌సింగ్‌కు ఏం తోచిందో, దయ్యం పట్టినవాడిలా తల అటూ ఇటూ విదిలించాడు. ఏ ఫ్యాన్ గాలికీ మోగనంత గట్టిగా ఘుగ్రీలు మోగాయి. సోమ్లి భుజం మళ్లీ కుదురుకుంది. మిషన్ చుట్టు పూర్తిచేసి ఆగింది.

మురళీకృష్ణ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో ఆయనకే తెలియాలి.

కాసేపటికి డాక్టరమ్మ వాళ్లను కంప్యూటర్ ముందుకు పిలిచింది. తెరమీద సోమ్లి తల. చర్మం లేదు, జుట్టు లేదు, ఎముక ఒక్కటే, గాలిలో తేలుతూ డాక్టరమ్మ ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. ఇదిగో ఇక్కడ, ఎడమ చెవి ముందర, మామిడి పిందె తొడిమ దగ్గర విరిగినట్టు విరిగింది, లోపలికి ఒరిగింది, కానీ ఆపరేషన్ అక్కర్లేదు, పైపళ్లకూ కిందిపళ్లకూ తీగెలతో కట్టు కడితే అతుకుతుంది, ముందరి పన్నొకటి వేరు దగ్గర చిట్లింది, దాన్ని తర్వాత చూద్దాం అని ఆమె చెప్పుకుపోతోంది. అంతా శుభవార్తే. ప్రమీల ఊపిరి పీల్చుకుంది.

రామ్‌సింగ్‌కు ఒక్కమాటా ఎక్కలేదు. ఆయన తెరమీది ఆ బోసి ముఖాన్నే చూస్తున్నాడు. చెంపలు లేవు, గంటలు లేవు, కళ్లుండాల్సిన చోట రెండు గుంతలు. ఇన్నేళ్లూ పోయేది తనే అన్న లెక్కమీద ఇంట్లో గొడవంతా నడిచింది. సోమ్లి పోవచ్చునన్న ముక్క ఆయనకు ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. "మేడం, ఆ బొమ్మకు గంటలు పెట్టరాదా?" అన్నాడు. డాక్టరమ్మ సరదాకన్నాడనుకుని నవ్వింది.

తీగెలు కట్టారు. వాపు తగ్గి తీగెలు తీసేదాకా చెంపల దగ్గర బరువేదీ వేలాడకూడదని డాక్టరమ్మ చెప్పింది. అంటే ఘుగ్రీలు చోటు మారినచోటే ఉండాలి. రామ్‌సింగ్ తలకట్టుతో, గలగలలతో తండాలో దిగాడు.

వాళ్లకంటే ముందే కబురు దిగింది. సోమ్లి చెంపలు బోసిగా ఉన్నాయని బస్టాండులో ఎవరో చూశారట. అంటే రామ్‌సింగ్ పోయాడన్నట్టే. నలుగురు ముసలమ్మలు పరుగున వచ్చి, సోమ్లిని కావలించుకుని, రామ్‌సింగ్ మంచితనం తలుచుకుని రాగం అందుకున్నారు. సోమ్లి కాదని చెబుదామంటే నోరు కట్టేసి ఉంది. ఆమె ఉక్రోషంతో కన్నీళ్లు పెట్టుకుంటే వాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు. రామ్‌సింగ్ తనకోసం ఏడుస్తున్నవాళ్లకు తనే టీ పెట్టి గ్లాసులు తెచ్చిచ్చాడు. ఒకామె ఏడుస్తూనే గ్లాసందుకుని, చక్కెర తక్కువైందంది. అప్పుడు తల ఎత్తి ఇచ్చినవాణ్ణి చూసి, గ్లాసు వదిలేసింది.

తండా పెద్ద బిచ్యాను పిలిచారు. ఆయన మంచం మీద కూర్చుని, రామ్‌సింగ్ తలకట్టును ఇటునుంచీ అటునుంచీ చూసి, బీడీ మొత్తం తాగి, తీర్పు చెప్పాడు. ఘుగ్రీలు ఇల్లు దాటలేదు, తల దాటాయి గాబట్టి తప్పులేదు. అయితే, అని వేలు చూపించాడు. "గిప్పటిసంది లెక్క తిరగబడ్డది తమ్మీ. అవి నీ నెత్తిమీద ఉన్నన్నాళ్లు సోమ్లి ఉన్నట్టు. నువ్వు తీసిననాడు ఎందుకొచ్చి ఏడ్వాలెనో మాకు తెలుస్తది."

బిచ్యా ఆ మాట నియమం కోసం అన్నాడో, నవ్వులాటకు అన్నాడో తెలియదు. రామ్‌సింగ్ మాత్రం పైకి నవ్వాడు. ఆ రోజు నుంచి స్నానం మెడదాకానే. నిద్ర వెల్లకిలానే. తలకట్టు మురికిపడితే పాత పట్టీ విప్పకుండా దానిమీదే కొత్త పట్టీ కట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఆయన తల గుమ్మడికాయంత అయింది. పాల్వంచ నుంచి పాత స్నేహితులు వచ్చి, ఏమోయ్, కరెంటుకు శకునాలు నేర్పుతున్నావా అని ఏడిపించారు. ఇప్పుడు తీస్తే ఏమవుతుందని వాళ్లంటే, చెమటకు పట్టీ లోపల నెత్తి కాలుతున్నా, ఏం కాదు, ఊరికే, చల్లగా ఉందని ఉంచుకున్నానన్నాడు. గంటల బరువుకు కణతలు గుంజేవి. ఇంత బరువును ఆమె నిద్రలోనూ మోసింది, తను నవ్వాడు. సిగ్గేసింది.

మరో తంటా ఏమంటే, సోమ్లి నోటికి కట్టు. చప్పుడు లేదు. ఆయన పొలంలో ఉన్నా, పేపరు చదువుతున్నా, ఉన్నట్టుండి లేచి గలగలమంటూ పరుగెత్తుకొచ్చి, గడపలోంచి ఆమెను చూసి, తృప్తిపడి వెళ్లేవాడు. మొదట్లో ఆమె విసుక్కుంది. తర్వాత పక్కన ఒక పళ్లెం, గరిటె పెట్టుకుని మధ్యమధ్య వాయించడం మొదలుపెట్టింది. ఇటు గంటలు, అటు పళ్లెం. దారిన పోయేవాళ్లు ఆ ఇంట్లో ఏదో కొలుపు జరుగుతోందని చెప్పులు విడిచి దండం పెట్టుకునేవాళ్లు.

తీగెలు తీసే రోజు వచ్చింది. ఖమ్మంలో అదే గది. ఎముక చక్కగా అతికింది, నోరు మెల్లమెల్లగా తెరవడం సాధన చేయాలి, ఇక ఘుగ్రీలు కట్టుకోవచ్చమ్మా అంది డాక్టరమ్మ. సోమ్లి ముఖం విచ్చుకుంది. మొగుడివైపు చెయ్యి చాపింది.

రామ్‌సింగ్ చెయ్యి తలకట్టు ముడిదాకా వెళ్లి అక్కడే ఆగింది. ఇంటికి పోయినంక తీద్దాం అన్నాడు. ముడి గట్టిగా పడింది, కత్తెర కావాలన్నాడు. నర్సు కత్తెర ఇచ్చింది. దాన్ని పట్టుకుని, ఇవ్వాళ మంగళవారం గదా అన్నాడు. ప్రమీల తండ్రి ముఖాన్ని ఎగాదిగా చూసింది. మంగళవారం గృహప్రవేశం చేసిన మనిషి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

సోమ్లికి అర్థమైంది. ఇన్నేళ్లు తను ఒక్కతే మోసిన భయం అది. ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియనిదా? ఆమె నవ్వలేదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి నిలబడి, కత్తెర తీసుకుంది.

"నువ్వు మాట్లాడుతనే ఉండాలె" అన్నాడు రామ్‌సింగ్ ముందుకే చూస్తూ. "నాకు వెనక కనబడదు. ఒక్క నిమిషం గూడ ఆపకు."

కట్టు మీద కట్టు, పొర మీద పొర, కత్తెర పడుతోంది. మొదటి ఘుగ్రీ వదులైంది. రామ్‌సింగ్ కళ్లు మూసుకుని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. తల కదల్చలేదు. వెనక సోమ్లి, తుప్పుపట్టిన తలుపులా బిగుసుకుపోయిన నోటిని కొద్దికొద్దిగా తెరిచి, మిషన్‌లో నిలబడి విన్నది విన్నట్టుగా మొదలుపెట్టింది.

"అటెన్షన్ ప్లీజ్. యూనిట్ వన్ నడుస్తున్నది. లోడ్ నార్మల్." రెండో ఘుగ్రీ కూడా ఆమె చేతిలోకి వచ్చింది. "యూనిట్ టూ గూడ నడుస్తున్నది. ఎవలూ పరేషాన్ గావద్దు."